కదిరమ్మ ఎత్తుకునేదాకా

సుంకమ్మకు కావాల్సింది ఒక్కటే, ఊరికి నీళ్ల ట్యాంకరు. మండలాఫీసు ముందర ఆటోకు మైకు కట్టి అరిస్తే తప్ప లోపలున్న దొరలు బయటికి రారు. అరవడానికి ఆమెకు గొంతు లేదు. పోయిన ధర్నాలోనే బొంగురుపోయింది. అందుకే ఎప్పుడో ఊరి జనంతో కలిసి అరిచిన నినాదాల క్యాసెట్టు పట్టుకుని కదిరిలో శశి స్టూడియోకు పోయింది.

శశి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. తెరనిండా నిలువు గీతలు.

"అక్కా, మీవోళ్లు శానా నిదానం. నువ్వు 'నీళ్లు' అంటే ఎప్పటికో 'కావాల' అంటాండారు. దీంట్లో స్నాప్ అని ఒగటుండాది. అది పెట్టినామంటే అరుపు ముక్కను ఎట్ల లాగినా పోయి ఈ గ్రిడ్డు గీతకే అతుక్కుంటాది, నడమ సందుండదు. పోలీసోళ్ల కవాతు మాదిరి ఉంటాది."

"అతికించప్పా."

సుంకమ్మ ఊళ్లో కదిరమ్మకంటే ముందు ఎవరూ నోరు తెరవరు. పెళ్లిపాటైనా, చావు ఏడుపైనా ముందు ఆ ముసలామె ఎత్తుకోవాలి. ఆమె నములుతున్న వక్కాకు దవడకు నెట్టి, గుక్క తీసుకుని అప్పుడు ఎత్తుకుంటుంది. సుంకమ్మకు ఇది తెలియక కాదు. కవాతు అనేసరికి ఆశపడింది.

మండలాఫీసు ముందర మైకు "నీళ్లు!" అంది. కదిరమ్మ వక్కాకు నెట్టేలోపల మైకే "కావాల!" అంది. మళ్లీ అదే తంతు. జనం కాసేపు చూసి నేలమీద కూర్చున్నారు.

"అరవరేమే?" అని బొంగురుగొంతుతో అడిగింది సుంకమ్మ.

"అదే అడుగుతాంది, అదే పలుకుతాంది. నడమ మేమెందుకు?" అంది కదిరమ్మ.

బంట్రోతు గంగాధరప్ప బయటికొచ్చి, జనాన్ని దాటుకుని, ఆటో దగ్గరికి పోయి చెప్పాడు. "సారు వినినాడంట. ఇంగ పొమ్మన్నాడు." పొమ్మన్నది ఆటోను.

సుంకమ్మ తిన్నగా బస్సెక్కి శశి దగ్గరికి పోయింది.

"స్నాప్ తీసెయ్. నా అరుపులు పాత క్యాసెట్టులో యాడుండాయో ఆడే పెట్టు. జవాబులన్నీ కోసెయ్."

"నడమ ఖాళీ ఉంటాదక్కా! ఒగటి పెద్దది, ఒగటి చిన్నది."

"ముసల్ది నమిలినంత ఉంటాది. ఉండనీ."

మరుసటి రోజు మైకు "నీళ్లు!" అని ఊరుకుంది. గంగాధరప్ప కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమప్పా, క్యాసెట్టు చెడిపోయినాదా?"

కదిరమ్మ వక్కాకు దవడకు నెట్టింది. గుక్క తీసుకుంది.

"కావాల!"

వెనకనే ఊరంతా. గంగాధరప్ప తల లోపలికి పోయింది. కాసేపటికి సారే బయటికొచ్చాడు.

ఆ వారంలోనే ట్యాంకరు వచ్చింది. ఆడోళ్లు వరసలో నిలబడ్డారు. డ్రైవరు గొట్టం పట్టుకుని "రాండమ్మా" అని ఎంత అరిచినా ఎవరూ కదల్లేదు. కదిరమ్మ ఇంకా బిందె కడుగుతూ ఉంది.