బాలింతకు కాచిన చారు

గుల్లల చారు తాగి గిన్నె కింద పెట్టిన కాసేపటికి, మారివెల్ పెదవులు తడుముకుంటూ, "నానాయ్, మూతి తిమ్మిరెక్కినట్టుంది," అంది.

అత్తగారు పసితను ఆమె అమ్మా అన్నట్టు నానాయ్ అనే పిలుస్తుంది. పసిత, "వేడివేడిగా తాగావు కదా, అందుకే," అంది. అన్నదే గాని, ఉప్పు చూసిన తన నాలుక కొస కూడా సూదులు గుచ్చినట్టు చురచురలాడుతోంది. ఆ సంగతి కోడలికి చెప్పలేదు.

పురుడు వచ్చిన దగ్గర్నుంచీ మారివెల్‌కు పాలు సరిగా పడలేదు. సమార్ దీవిలో ఏరు సముద్రంలో కలిసే మొగన ఉన్న ఆ ఊళ్ళో, పాలు పడాలంటే బాలింతకు మునగాకు వేసి గుల్లల చారు పోస్తారు. వానలు వెనకబట్టాక గుల్లలు మంచి కండపట్టి ఉంటాయి కూడా. ఎగువ వరిచేల ఎరువునూ ఒండ్రునూ ఏరు తెచ్చి మొగలో పోస్తుంది. దాంతో నీళ్ళలో కంటికి ఆనని నాచు బలుస్తుంది, ఆ నాచు తిని గుల్లలు బలుస్తాయి. ఒక్కో ఏడు ఆ నాచులోనే విషపు జాతి పుడుతుంది. దాన్ని ఎర్రపోటు అంటారు. ఈసారి గుల్లలు తినొద్దని మునిసిపాలిటీ వాళ్ళు మైకులో చెప్పి వెళ్ళారు కూడా.

పసిత రేవుకు వెళ్ళి చూసింది. నీళ్ళు ఎర్రగా లేవు. ఎప్పటిలాగే లేతపచ్చగా ఉన్నాయి. పైగా చింతకాయ పులుపు తగిలితే ఏ విషమైనా విరిగిపోతుందని ఆమె నమ్మకం. మారివెల్ వెనకాడితే, "మైకులో అరిచేవాడొచ్చి నీ బిడ్డకు పాలిస్తాడా?" అని నవ్వేసి, ఆమె అడుగంటా తాగేదాకా ఎదురుగా కూర్చుంది.

ఇప్పుడు తిమ్మిరి వేళ్ళలోకి దిగింది. పాలివ్వడానికి పాపను ఎత్తుకోబోతే మారివెల్‌కు చేతులు స్వాధీనం కాలేదు. పొరుగింటి లూడింగ్ పరుగున వచ్చి, కొబ్బరిపాలలో బెల్లం కలిపి పట్టమంది. పసిత పట్టింది. మింగుడుపడక అవి పెదవుల పక్కనుంచి కారిపోయాయి.

కొడుకు చేపల వేటకు పోయి దూరాన ఉన్నాడు. పాపను లూడింగ్‌కు అప్పగించి, ఆమె మొగుడు తాస్యో పడవలో పట్నం ఆసుపత్రికి బయలుదేరారు. దారి పొడుగునా మొగ నీళ్ళు ఏమీ ఎరగనట్టు మెరుస్తూనే ఉన్నాయి. అవతలి ఒడ్డు చేరేసరికి మారివెల్‌కు మాట పడిపోయింది.

ఈ విషానికి విరుగుడు లేదన్నాడు డాక్టరు. అది ఒంట్లోంచి దానంతటది పోవాలట, పోయేదాకా ఊపిరి మనమే ఆడించాలట. ఊపిరాడించే యంత్రం ఇంకో రోగికి పెట్టి ఉంది. నర్సు మారివెల్ గొంతులోకి గొట్టం దించి, దాని చివరనున్న రబ్బరు తిత్తిని పసిత చేతిలో పెట్టింది.

"నొక్కండి, వదలండి. మీరు ఊపిరి పీల్చి వదిలినట్టే. ఆపకూడదు," అంది. వెళ్ళబోతూ, "కదల్లేకపోయినా ఆమెకు అన్నీ వినిపిస్తాయి. ఏడవకండి," అని హెచ్చరించింది.

పసిత మేరీమాతను తలుచుకుంటూ నొక్కసాగింది. కండపట్టిన గుల్లల్ని బురదలోంచి తీసినప్పుడు తను సిలువ గురుతు వేసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ కండా ఈ విషమూ ఆ నీళ్ళలోంచే వచ్చాయి. మరి తను దేనికి దణ్ణం పెట్టినట్టు? అలా అడగడం తప్పేమో అనిపించింది. అడక్కుండా ఉండలేకపోయింది.

చేతులు కొంకర్లు పోతున్నాయి. తాస్యో దగ్గరికొచ్చాడు.

"ఇలా ఇవ్వు వదినా. మొండితనంలో నా పడవ మోటారే గొప్పనుకున్నా. దాన్ని మించావు."

కాసేపు అతనికిచ్చింది. ఆ కాసేపూ అతని చేతుల మీదనుంచి చూపు తిప్పలేదు. మళ్ళీ తను తీసుకుని కోడలి చెవి దగ్గర వంగింది.

"పాపకేం కాలేదే. చారు తాగాక నీ పాలు తాగలేదు. వద్దంటున్నా నీ చేత తాగించాను. నన్ను తిట్టడానికైనా లేవవే."

కనురెప్ప కూడా కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం తిత్తి ఆమె చేతిని ఎదురు తన్నింది. గొట్టం పూడుకుపోయిందనుకుని పసిత గట్టిగా నొక్కింది. లోపలికి గాలి పోలేదు. నర్సును పిలిచింది.

నర్సు వచ్చి మారివెల్ రొమ్ము మీద అరచెయ్యి ఆనించి చూసింది. "తనంతట తను పీలుస్తోంది. ఇంక మీరు బలవంతంగా తోయకండి. ఆమె పీల్చినప్పుడే, ఆమె వెనకాలే నొక్కండి."

నొక్కకుండా ఉండటమే పసితకు ఇప్పుడు కష్టమైంది. కోడలి రొమ్ము వైపే చూస్తూ కాచుకుంది. అది లేవలేదు. ఇంకా లేవలేదు. మెల్లగా, కొంచెం లేచింది.

అప్పుడు నొక్కింది.