ఒకే పిలుపు, ముగ్గురు మేస్త్రీలు

పానా మేస్త్రీ గేటు దగ్గర బండి ఆపేసరికి అక్కడ అప్పటికే రెండు బళ్ళున్నాయి. రెండింటికీ పనిముట్ల సంచులు వేలాడుతున్నాయి. అందులో ఒక సంచిని అతను ఎరుగును. కిందటి నెల దాని పట్టీ తెగితే కుట్టింది అతని భార్యే.

హాలు గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. పక్కన చారల చొక్కా వేసుకున్న ఇంకో ప్లంబరు. మిట్టమధ్యాహ్నపు ఎండలో బండి తోలుకొచ్చిన చెమట ముగ్గురి వీపుల మీదా ఒకేలా ఉంది.

"నువ్వెందుకొచ్చావురా?" అన్నాడు మేస్త్రీ.

"నాకు ఫోనొచ్చింది బావా. నీకూ వచ్చిందా?"

"రాకపోతే నీ మొహం చూడ్డానికొచ్చానా?"

చారల చొక్కా నవ్వాడు. "నాకూ వచ్చింది అన్నా. ముగ్గురికీ ఒకే సరుకు అంటగట్టారు."

పిలిచింది హాల్లో అల్మరా మీదున్న పెట్టె. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. ఇంటాయన సోఫాలోంచి లేవకుండా "ప్లంబర్ని పిలువు" అంటే చాలు, పిలిచేస్తుంది. ఎవరికి పని వచ్చో దానికి తెలియదు. ఎవరు డబ్బు కట్టారో మాత్రం తెలుసు.

ఒకప్పుడు మేస్త్రీ సామాన్ల కొట్టు మెట్ల మీద కూర్చునేవాడు. పని కావలసినవాళ్ళు అక్కడికే వచ్చి అడిగేవారు. ఏడాదిన్నరగా రావడం మానేశారు. అప్పుడొచ్చాడు కంపెనీ మనిషి, మెడలో కార్డు పట్టీ, నోట్లో చక్కెర. "ఇక జనం వెతకరు, నోటితో అడుగుతారు. పెట్టె ఒక్క పేరే చెబుతుంది. ఆ పేరు మీదే మేస్త్రీ గారూ!" అన్నాడు. ఆ మాటే బావమరిదికీ చెప్పాడు. చారల చొక్కాకీ చెప్పాడు. నెలకి ఎనిమిది వందలు కంపెనీకి కట్టాలి. పెట్టె కలిపిన ఫోన్ ఎత్తితే పైన నూట అరవై, పని దొరికినా దొరక్కపోయినా. వాళ్ళ భాషలో ఆ ఫోన్ని 'లీడు' అంటారు. ఫోన్లో నవ్వుతూ మాట్లాడాలని ఒక పూటంతా కూర్చోబెట్టి పాఠం కూడా చెప్పారు. పైపు అతకడం వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు.

పై బాత్రూం గోడలో పైపు పగిలి హాలు కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయి. కింద రెండు బకెట్లు పెట్టారు. వాటి పక్కనే సోఫాలో ఇంటాయన కాళ్ళు పైకి ముడుచుకు కూర్చున్నాడు. ఏదో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయినవాడు. ఆర్డర్లు వేసే గొంతు మాత్రం ఇంకా దిగలేదు.

మేస్త్రీ చెప్పులు విడిచి పైకెళ్ళి, గోడ తట్టి చూసి వచ్చాడు. మెట్లు మాసిపోతాయని మిగతా ఇద్దరినీ ఇంటాయన పోనివ్వలేదు.

"మూడు టైల్సు తియ్యాలండి. లోపల పైపు మలుపులో ఎల్బో పగిలింది. కూలి పద్నాలుగొందలు."

"నువ్వు?"

"పన్నెండొందలు," అన్నాడు చారల చొక్కా, ఏమీ చూడకుండానే.

"నువ్వో?"

బావమరిది బావ వైపు చూడలేదు. "వెయ్యి చాలండి."

ఇంటాయనకి ముచ్చటేసింది. సంతలో ఎడ్ల పళ్ళు చూసేవాడిలా ముగ్గురినీ చూశాడు. ధర తొమ్మిది వందలకి, ఏడు వందలకి దిగి, ఐదు వందల దగ్గర ఆగింది. ఆ ఐదు వందలు అన్నది మేస్త్రీయే. అన్నాక అతనికి నోరు చేదెక్కింది.

"మన ముగ్గురి లీడూ కలిపితే నాలుగొందల ఎనభై," అన్నాడు చారల చొక్కా, గొంతు తగ్గించి. "టైలు మీద ఉలి పెట్టకముందే కంపెనీ మింగేసింది. ఈయనిచ్చేది ఐదొందలు. ముష్టివాళ్ళు కూడా ఇలా పోటీ పడరన్నా."

"అక్కకి తెలిస్తే నిన్నూ నన్నూ చీపురు తిరగేసి కొడుతుంది బావా," అన్నాడు బావమరిది.

"గుసగుసలొద్దు," అన్నాడు ఇంటాయన. "మీరు ఐదొందలకి దిగారంటే మూడొందలకి వచ్చేవాడు ఎక్కడో ఉండే ఉంటాడు." పెట్టె వైపు తిరిగాడు. మనుషులకి దక్కని మెత్తదనం ఆ గొంతులోకి వచ్చింది. "ఇంకా చవగ్గా చేసే ప్లంబర్ని చూడమ్మా."

"తప్పకుండా. మీకు దగ్గరలో ఉన్న నమ్మకమైన నిపుణుడికి కలుపుతున్నాను," అంది పెట్టె.

మేస్త్రీ జేబులో ఫోన్ మోగింది.

"బయటికెళ్ళి మాట్లాడుకోవయ్యా," అని విసుక్కున్నాడు ఇంటాయన.

మేస్త్రీ ఫోన్ తీసి చూశాడు. ఎత్తితే ఇంకో నూట అరవై. ఎత్తకపోతే నష్టం అంతకన్నా పెద్దది. నెలలో మూడు ఎత్తకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తుంది కంపెనీ. అతనికి ఈ నెల అప్పటికే రెండు పోయాయి. పేరు పోతే ఊళ్ళో ఏ పెట్టే అతన్ని పిలవదు. కొట్టు మెట్ల దగ్గరికి వచ్చేవాళ్ళూ లేరు.

బొటనవేలు పచ్చ గుర్తు మీదికి వెళ్ళింది.

"ఎత్తు బావా. నీకిది మూడోది," అన్నాడు బావమరిది. "నేను పోతాలే. ఈ పని నువ్వే చేసుకో."

"నేను ఇక్కడే నించున్నాన్రా. నన్ను నాకే అమ్ముతుంటే కొనుక్కోమంటావా?"

మోగుతున్న ఫోన్ని అతను సంచిలో పానాల మధ్య పడేశాడు. అది కాసేపు ఇనుము మీద గిలగిల్లాడి ఆగింది. వెంటనే చారల చొక్కా ఫోన్ మోగింది. అతను దాన్ని జేబులోంచి తీయనే లేదు. తర్వాత బావమరిదిది. అతను ఫోన్ చేతిలో పట్టుకుని, ఏడుస్తున్న పసిబిడ్డని చూసినట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఎత్తలేదు.

"ఏమిటీ గోల? ఎత్తరేం?"

"పద్నాలుగొందలండి," అన్నాడు మేస్త్రీ.

"ఇప్పుడేగా ఐదొందలన్నావు!"

"అన్నాను. బుద్ధి లేక అన్నాను. పద్నాలుగొందలు."

ఇంటాయన చారల చొక్కా వైపు చూశాడు.

"పద్నాలుగొందలు."

బావమరిది, అడగకముందే, తలూపాడు.

ముగ్గురూ వెళ్ళి బయటి మెట్టు మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ బళ్ళ దగ్గరికి పోలేదు. లోపల పెట్టె తేనె పూసిన గొంతుతో చెబుతోంది:

"క్షమించండి. మీకు దగ్గరలో ప్లంబర్లు ఎవరూ లేరు."

"మళ్ళీ చూడు," అన్నాడు ఇంటాయన.