పెళ్ళికొడుకు కళ్ళజోడు

అసలు లెన్సక్క ఆ రోజు ఆ కొట్లో ఉండాల్సిన మనిషే కాదు. పన్నెండేళ్ళుగా ఆవిడ పనంతా ఓనరుగారి పెద్ద షాపు వెనకగదిలో, అద్దాలు అరగదీసే మిషను ముందే. చిన్న షాపులో కౌంటరు చూసే అమ్మాయికి పంటినొప్పి వచ్చింది. "ఈ ఒక్కపూటకి నువ్వెళ్ళమ్మా" అని ఓనరుగారు బతిమాలితే వచ్చింది. ఎవరికీ చెప్పను కూడా లేదు. చెప్పడానికేముంది, రెండు వీధుల అవతలేగా!

మూడింటికి ఒకావిడ హడావిడిగా వచ్చింది. భుజాన పెద్ద సంచీ, జుట్టులో గుచ్చుకున్న పెన్ను. కౌంటరు మీద ఓ కళ్ళజోడు పెట్టి, "దీన్ని కాస్త బాగుచెయ్యండి. నిన్న సాయంత్రం మావాడు మా సోఫాలో దీని మీదే కూర్చున్నాడు. ఇది లేకపోతే వాడికి ఎదురుగా ఏనుగున్నా కనపడదు" అంది.

లెన్సక్క నవ్వుతూ అందుకుంది. కాడ వంకరపోయింది, కుడి అద్దం ఊడొచ్చింది. ఆ అద్దం అంచు చూడగానే నవ్వు ఆగిపోయింది. కిందిమూలలో నువ్వుగింజంత పెచ్చు. అరగదీసేటప్పుడు తన చెయ్యి జారి లేచిన పెచ్చే. ఫ్రేములో దాక్కుంటుందిలే అని, ఇంటిమనిషేగా అని వదిలేసింది. ఈ పన్నెండేళ్ళలో అలా వదిలేసిన జోడు అదొక్కటే. అనుమానం తీరక పవరు చూసే మిషను కింద పెట్టింది. అవే అంకెలు! వచ్చే నెల తనను పెళ్ళి చేసుకోబోయే మహానుభావుడి అంకెలు. పనిమీద పొరుగూరు వెళ్తున్నానని నిన్ననేగా ఫోన్లో చెప్పాడు!

"మావాడంటే... తమ్ముడా మేడమ్?"

"తమ్ముడేంటండీ, కాబోయే మొగుడు!"

లెన్సక్క స్క్రూడ్రైవరు అందుకుంది. ఆవిడేమో స్టూలు లాక్కుని కబుర్లలోకి దిగింది. తను చిన్న సినిమాలు తీస్తుందట. సస్పెన్సు కథ ఒకటి సగంలో ఆగిపోయిందట.

"ఒకడు ఇద్దరమ్మాయిల్ని మోసం చేస్తుంటాడు. అనుకోకుండా ఆ ఇద్దరూ ఒకచోట కలుస్తారు. ఒకామెకి సంగతి తెలిసిపోతుంది, రెండో ఆమెకి తెలీదు. చెప్తుందా, చెప్పదా? అక్కడ ఇరుక్కుపోయాను. నిర్మాతేమో అసలలా ఎక్కడైనా కలుస్తారా అని కొట్టిపారేస్తున్నాడు."

ఎవరైనా రాస్తే మనమూ కొట్టిపారేసేవాళ్ళమే. జరిగిపోయాక ఏం చేస్తాం చెప్పండి!

లెన్సక్క చేతిలో స్క్రూ రెండుసార్లు జారిపడింది. తనకు మిషనూ, రేడియో ఉంటే చాలు. ఈ పెళ్ళికి ఊ కొట్టిందే అమ్మ కోసం. ముప్పయ్యారేళ్ళ కూతురికి తోడు దొరికిందని అమ్మ తెగ సంబరపడిపోతోంది. నాలుగు నెలల్లో తనకూ ఇష్టం పుట్టింది. నోరు తెరిస్తే అమ్మ సంబరం బుగ్గిపాలు. మూసుకుంటే తనతోపాటు ఎదురుగా ఉన్న ఈ పిచ్చితల్లి బతుకూ బుగ్గిపాలు.

"చెప్తుంది మేడమ్" అంది చివరికి.

"ఎలా?"

లెన్సక్క ఫోను తీసి ఫోటో చూపించింది. అమ్మకీ తనకీ మధ్య, ఇదే కళ్ళజోడుతో, ఇకిలిస్తూ పెళ్ళికొడుకు.

డైరెక్టరమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎప్పటిది?"

"పోయిన ఆదివారం."

"ఆదివారం వాళ్ళ బాబాయికి ఒంట్లో బాలేదన్నాడే!" ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, "దొంగ సచ్చినోడు! నాలుగింటికి ఇక్కడికే వస్తున్నాడక్కా. నువ్వు మాత్రం నోరు మెదపకు" అంది.

చెప్పిన టైముకే వచ్చాడు, గడప తట్టుకుని పడబోతూ. లెన్సక్క రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది. ఆవిణ్ణి దాటుకుని మూలన కూర్చున్న డైరెక్టరమ్మ సంచీని ఆనవాలు పట్టి, "ఏంటి బంగారం, పలకవు? కోపమా? నాకు ఈ లోకంలో నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు!" అన్నాడు.

అదే బంగారం, అదే రాగం! లెన్సక్కకు ఒళ్ళు మండిపోయింది. ముందుకొచ్చి కళ్ళజోడు అతని ముక్కు మీద పెట్టి, రెండు కాడలూ చెవుల వెనక్కి సర్దింది.

"సరిగ్గా కనిపిస్తోందా సార్?"

అతను చూశాడు. పక్కకి తిరిగి ఇంకొకావిణ్ణీ చూశాడు. వచ్చిన దారినే ఉడాయించాడు. ఈసారి గడప తట్టుకోలేదు లెండి, జోడు అంత బాగా కుదిరింది. ఇద్దరాడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

డైరెక్టరమ్మ వెళ్ళాక లెన్సక్క గుండె చిక్కబట్టుకుని ఇంటికి ఫోన్ చేసింది. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"అమ్మా, ఏడుస్తున్నావా?"

"హమ్మయ్య!" అంది అమ్మ. "వాడంటే నాకు మొదట్నుంచీ గిట్టదే. నీకు నచ్చాడు కదాని పళ్ళ బిగువున నవ్వుకుంటూ తిరిగా."

"నాకా? నీకు నచ్చాడనేగా నేను ఊ అన్నది!"

లెన్సక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువేదో దిగిపోయినట్టు హాయిగా ఉంది.

"సరిపోయింది సంబడం" అంది అమ్మ. "ఇంక తొందరగా రావే, అన్నం తిందాం."