అక్కర ఉన్నంత మేరకే

సుబ్బరాజు పొద్దున్నుంచీ డూప్లికేట్ రికార్డులు కలుపుతున్నాడు. ఇంగ్లండులో, లీడ్స్‌లోని ఆ ఆసుపత్రి కంప్యూటర్లలో ఒకే రోగి పేరు రెండుసార్లు ఎక్కితే, రెంటినీ ఒకటి చేయడం అతని పని. వంగిన వీపు, చొక్కా జేబులో కంటి చుక్కల సీసా. ఏళ్ల తరబడి ఆ మూల కుర్చీలో అతన్ని చూస్తున్నవాళ్లలో సగం మందికి అతని పేరు తెలియదు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది మాత్రం అతనే. "పనికి అక్కర ఉన్నంతే చూడాలి. అంతకు మించి మన అమ్మదైనా తెరవకూడదు" అనేవాడు.

టీకి లేవబోతుండగా తెరమీద కనకదుర్గ ఆంటీ పేరు కనబడింది. ఈ ఊరొచ్చిన కొత్తల్లో గది దొరికేదాకా ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. రికార్డులు కలిపేశాడు. అక్కడితో పని అయిపోయింది. కానీ మనసు ఊరుకుంటేగా! ఏ వార్డులో ఉందో చూద్దామని ఇంకో పేజీ తెరిచాడు. క్యాన్సర్ వార్డు.

ఇక కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోనే తిరిగాడు. ఆసుపత్రిలో ఉన్న మనిషిని చూడకుండా ఎలా ఉంటాడు? ఉత్త చేతులతో ఎలా వెళ్తాడు? భార్య శ్రీజ కట్టిచ్చిన గోంగూర పప్పన్నం డబ్బా పట్టుకుని మధ్యాహ్నం పైకి వెళ్లాడు.

తలుపు పక్క మంచం మీదున్న ఆంటీ అతన్ని చూసి సంబరపడలేదు. దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

"నేనిక్కడున్నట్టు నీకెవరు చెప్పారు రాజూ?"

అతను డబ్బాను ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మా అబ్బాయి చక్రికే చెప్పలేదు నేను. వాడి పెళ్లయ్యేదాకా ఎవ్వరికీ తెలీకూడదనుకున్నా. కంప్యూటర్లో చూశావా?"

తల వంచుకున్నాడు.

"కంప్లైంట్ ఏం ఇవ్వన్లే. కానీ బట్ట మార్చుకుంటుంటే తలుపు తోసుకొచ్చినట్టుంది నాన్నా. వెళ్లిరా."

డబ్బా మంచం పక్క బల్లమీద పెట్టి కిందికి వచ్చేశాడు. ఆవిడ చెప్పదు. ఇంకెవరికీ తెలియదు. ఆ ధైర్యమే అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ప్రేమతో చేసినదానికి ఇంత సిగ్గేమిటని తనమీద తనకే కోపం వచ్చింది. చివరికి మేనేజర్ సారా గదికి వెళ్లి జరిగింది చెప్పేశాడు.

"మీరు చెప్పకపోతే..." అని ఆమె మధ్యలోనే ఆగిపోయింది. "విచారణ తేలేదాకా మిమ్మల్ని పనిలో ఉంచలేను సుబ్బరాజు గారూ."

మెడలోని ఉద్యోగి కార్డు తీసి ఇచ్చాడు. చుక్కల సీసా తప్ప తన పని బల్ల దగ్గర తనదంటూ ఏమీ లేదు.

ఇంటికి వెళ్లేముందు మళ్లీ వార్డు దాకా వచ్చాడు. డబ్బా కోసమని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, అడగాలనుకున్నది క్షమాపణ. వార్డు తలుపు ఆ కార్డుతోనే తెరుచుకుంటుంది; అది లేకపోతే ఎవరైనా బెల్లు కొట్టాల్సిందే. తలుపు అద్దంలోంచి చూస్తే ఆంటీ అటు తిరిగి పడుకుని ఉంది. బెల్లుమీద పెట్టిన వేలు వెనక్కి తీసుకున్నాడు.

బల్లమీద స్టీలు డబ్బా, మూతైనా తీయకుండా, అతను పెట్టిన చోటే ఉంది.