ఇరవై ఆరు బనియన్లు

"పన్నెండు మందే," అన్నాడతను, దుర్భిణి కంటి మీంచి దించకుండా. "పన్నెండు ఆరెయ్యి."

ఆమె కదల్లేదు. ముందున్న తొట్టిలో పిండిన బనియన్లు గుట్టగా ఉన్నాయి.

ఇద్దరూ మొగుడూ పెళ్ళాల వేషంలో ఆ పరాయి ఊళ్ళో దిగి మూడు నెలలైంది. కోట కింది వీధిలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టు, దానిపైన ఒక గది. తమ దేశపు ఇంజనీరు ఒకాయన ఆ కోటలో బందీగా ఉన్నాడు. లోపల కాపలావాళ్ళు ఎంతమందో తేల్చడం వీళ్ళ పని. మేడ మీద తీగకి ఎన్ని బనియన్లు వేలాడితే లోపల అంతమంది ఉన్నట్టు. ఇవాళ పది గంటలకి ఎదుటి కొండ మీంచి వీళ్ళ నాయకుడు లెక్కపెడతాడు. అద్దం ఒకసారి మెరిస్తే సాయంత్రం ఎనిమిది మంది గోడెక్కుతారు. రెండుసార్లు మెరిస్తే ఇవాళ్టికి లేనట్టే.

ఆ ఎనిమిది మందిలో మొదట తాడు పట్టుకునేది ఆమె తమ్ముడు.

"ఇరవై ఆరు మంది," అందామె.

"మళ్ళీ మొదలెట్టావా? మూడు నెలలుగా చూస్తున్నాను. గోడ మీద తిరిగేవి పన్నెండు కాపలా కోట్లు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు."

"నువ్వు చూసింది కోట్లని. మనుషుల్ని నేను ఉతుకుతున్నాను." తొట్టిలోంచి ఒకటి లాగి అతని మొహం ముందు పట్టింది. "ఇదిగో, చంక కింద పిగిలింది, ఎడమచేతి వాటం వాడిది. ఇది చుట్ట కంపు కొట్టేవాడిది. ఇందులో మనమిద్దరం దూరొచ్చు. ఇరవై ఆరూ ఇరవై ఆరు ఒళ్ళు. కోట్లు మాత్రం పన్నెండే వస్తాయి ఉతకడానికి. దిగినవాడు విప్పి ఇస్తే ఎక్కేవాడు తొడుక్కుంటున్నాడు."

"మనిషికి రెండేసి బనియన్లు ఉంటాయి. ఆమాత్రం తెలీదా?"

"ఒకే మనిషికి సోమవారం పొట్టొచ్చి మంగళవారం పోతుందా?"

అతను నవ్వాడు. "ఉతికేవాళ్ళ కబుర్లు నాయకుడికి పంపితే నవ్విపోతారు. పద, టైమవుతోంది. వచ్చేటప్పుడు టీ పట్రా."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. శిక్షణలో ఇతనికంటే రెండేళ్ళు ముందుంది తను. వీధిలో ఏవండీ అని పిలవడం వేషం, సరే. తలుపు మూశాక టీ అడగడం ఏ వేషం? పప్పులో ఉప్పు తగ్గిందని మొహం ముడుచుకోవడం ఏ వేషం? అన్నీ మింగింది. తమ్ముడి ప్రాణం మీదికి రావడం మాత్రం మింగుడు పడలేదు.

తొట్టి నడుమున పెట్టుకుని మేడెక్కింది. ఒక్కొక్కటే దులిపి, చేతులు సాగదీసి, పక్కపక్కన ఆరేసింది. పదమూడోది వేసేసరికి మెట్ల మీద కాళ్ళ చప్పుడు.

"ఏం చేస్తున్నావ్? తియ్!" అతని గొంతు పళ్ళ మధ్య నలిగింది.

"మీరే తీయండి," అందామె, కోట గోడ మీంచి కాపలావాడు చూస్తున్నాడని చిన్నగా నవ్వుతూ. "మూడు నెలల్లో ఒక్కరోజైనా ఈ తీగ ముట్టుకున్నారా? ఇవాళ తడిబట్టలు లాగేస్తే ఎదురింటావిడకే అనుమానం వస్తుంది, పైవాడి సంగతి చెప్పక్కర్లేదు."

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె ఇరవై ఆరోది ఆరేసి ఖాళీ తొట్టి బోర్లించింది.

పది గంటలకి కొండ మీద అద్దం మెరిసింది. ఒకసారి. ఆమె కొండవైపే చూస్తోంది. రెండోసారి మెరిసింది.

"నాశనం చేశావ్," అన్నాడు కిందికొచ్చాక. "నీ తమ్ముడి కోసం పనంతా చెడగొట్టావని రాస్తాను. నీ ఉద్యోగం ఊడుతుంది."

ఆమె బదులు చెప్పేలోపే తలుపు దబదబా మోగింది. కోటలో వంట చేసే ఆవిడ, రొప్పుతూ.

"అమ్మాయ్, ఎప్పుడిస్తావే బట్టలు? చలికి చచ్చిపోతున్నారు. గోడ మీద పన్నెండు మందీ నయం, కోటు గుండీలు పెట్టుకుని నిలబడ్డారు. లోపల పద్నాలుగు మంది దుప్పట్లు కప్పుకుని నా పొయ్యి చుట్టూ చేరారు, గరిటె తిప్పనివ్వడం లేదు!"

"ఇంకో జత లేదా అక్కా?"

"మా దొర పిసినారితనం తెలీదా? మనిషికి ఒక్కటే. కోట్లయితే ఇద్దరికొకటి కూడా లేదు."

"సాయంత్రానికి ఇస్తాలే అక్కా."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. అతను దుర్భిణి సంచిలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

"మొత్తానికి మన లెక్క సరిపోయింది."

మన! ఆమె ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది. వేడిది, బరువైనది. దాన్ని జాగ్రత్తగా అతని ముందు దించింది.

"సాయంత్రంలోపు ఇరవై ఆరూ ఇస్త్రీ చెయ్యాలి," అంది. "నేను రిపోర్టు రాస్తున్నాను. మధ్యలో టీ పట్రా."