రాయితోపాటు వచ్చినవి

కళ్ళద్దాల షాపాయన ఇంట్లో ఒక ఉప్పునీటి అక్వేరియం ఉంది. అతనూ, భార్యా ముచ్చటపడి పెట్టుకున్నది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఇద్దరూ విడిపోయేటప్పుడు అరుపులూ లేవు, పంచాయితీలూ లేవు. మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయి చివరికి "తలుపేసుకో" దగ్గర ఆగాయి. ఓ రోజు ఆమె బట్టలు సర్దుకుంది. తొట్టిని మాత్రం కదపలేదు. కదిపితే లోపలి ప్రాణాలు నిలవవని భయం.

రెండేళ్ళ తర్వాత అతను ఆ తొట్టిలోకి కొత్త రాయి కొన్నాడు. సముద్రం అడుగునుంచి తీసిన రాయి, ఒళ్ళంతా కంతలే.

"ఒట్టి రాయనుకోకండి సార్, దీంతోపాటు ఏమేం వస్తాయో నాకే తెలీదు," అన్నాడు చేపల షాపువాడు, కొసరు వేస్తున్నవాడిలా.

మర్నాటినుంచి తొట్టిలో టిక్కు టిక్కుమని చప్పుడు. అద్దం పగులుతోందేమోనని అంచులన్నీ తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. ఫోను తీశాడు, పెట్టేశాడు, మళ్ళీ తీశాడు.

"ఏమైంది? ఒంట్లో బావుందా?" హలో కూడా అనకుండా అడిగింది ఆమె.

"నాకు బానే ఉంది. తొట్టికే బాలేదు."

"ఫోను అద్దానికి ఆనించు."

ఆనించాడు. ఆమె ఊపిరి బిగబట్టి విన్నట్టుంది.

"పగులు కాదు. కొత్త రాయేమైనా వేశావా? దాంతో రొయ్యేదో వచ్చుంటుంది. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి సాధువు, రెండోది చేపల్ని కొట్టి తింటుంది. చూస్తేగానీ చెప్పలేను." ఫోను పెట్టేయబోతూ, "ఆదివారం వస్తాలే," అంది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బావుందని చెబుదామనుకుని, "పరదాలు వేయనా?" అన్నాడు. ఆమె టార్చికి ఎర్రకాగితం చుట్టింది. ఎర్రటి వెలుగుకి అవి బెదరవట. ఇద్దరూ చీకటిచేసిన గదిలో, తొట్టి ముందు పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె మోచెయ్యి తగిలీ తగలనట్టు ఉంది. రొయ్య ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదనిపించింది అతనికి.

అది వచ్చేసింది. పీతకున్నట్టు రెండు డెక్కలు, ఒకటి చిన్నది, ఒకటి ఒంటికి మించినంత పెద్దది.

"పిస్తోలు రొయ్య. ఆ టిక్కు టిక్కు దీని పెద్ద డెక్కదే. సాధువే," అంది ఆమె. "పాపం, దీనికి చూపు సరిగ్గా ఆనదు."

"మా షాపుకి పంపించు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో! అది ఆగిపోతుందేమోనని అతను గబగబా అద్దం మూలకి వేలు చూపించాడు. అక్కడ గోరంత నక్షత్రచేప ఒకటి పాకుతోంది.

"మరి ఇదేంటి?"

ఆమె దాన్ని చూడలేదు, అతన్ని చూసింది.

"నీకు తెలుసు. పెళ్ళైన కొత్తలో నాకు ఇలాంటిదాన్ని చూపించింది నువ్వే."

అతను తల వంచుకున్నాడు. ఆమె లేచి పరదా లాగింది. వెలుతురు భళ్ళున లోపలికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అడిగాడు, "మళ్ళీ ఏదైనా కనబడితే?"

"ఫోటో పంపు. ఫోను మాత్రం చెయ్యకు."

"ఎందుకు?"

"నీ గొంతు వింటే వచ్చేస్తున్నాను," అంది ఆమె, చెప్పు పట్టీ బిగించుకుంటూ. "అలా రాకుండా ఉండటం చాలా కష్టపడి అలవాటు చేసుకున్నాను."

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అతను ఆమె మాట దాటలేదు. కొన్ని వారాలకి ఇసుకలోంచి రోమాల పురుగొకటి తల బయటపెట్టింది. ఫోటో తీసి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది: "మంచిదే. చెత్త తిని శుభ్రం చేస్తుంది. ముట్టుకోకు, ఆ రోమాలు ముళ్ళలా గుచ్చుకుంటాయి."

సరే అని రాశాడు. ఇంక రాయడానికేముంది? ఫోను బల్లమీద పెట్టబోతుంటే ఆమె దగ్గర్నుంచి ఇంకో మెసేజీ వచ్చింది.

"ఇంకేం కనబడలేదా?"

అతను ఆపూట షాపు తెరవలేదు. అద్దానికి ముక్కు ఆనించి, ఆ రాయిమీది ఒక్కో కంతా వెతుకుతూ కూర్చున్నాడు.