అప్పాయమ్మ బిందె

తెల్లవారగానే మొగలిలంకలోని తీగవాళ్ళు తమ ఒంటితీగ పలకలను చంకన పెట్టుకొని అప్పాయమ్మ ఇంటికి వచ్చేవారు. వచ్చి, కాళ్ళు కడుక్కొని, అరుగు మీద కూర్చొని, లోపల మోగుతున్న ఇత్తడి బిందె నాదానికి తమ తీగలను సరిగా బిగించుకొని వెళ్ళిపోయేవారు. బావికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకోవడం ఎటువంటిదో ఆ లంకలో ఇదీ అటువంటిదే.

బిందెను ఎవరూ కొట్టేవారు కారు. అప్పాయమ్మకు కోపం వచ్చింది కనుక అది మోగేది. కిందటి మార్గశిరంలో, ఎదుటి మనిషి కనబడనంత మంచు పట్టిన ఉదయాన, ఆమె భర్త లోవరాజు గోదావరిలో మునిగిపోయాడు. ఆ పూట మొదలైన నాదం మళ్ళీ ఆగలేదు, హెచ్చలేదు, తగ్గలేదు. ఆమె రేవుకు వెళితే రేవులోని చెంబులు మోగేవి. చేపల తట్టతో సంతకు వెళితే తక్కెడ గొలుసులు మోగేవి. ఆ మోత వినబడగానే బేరమాడేవాళ్ళు బేరం మానివేసేవారు. కోపం రావడం లోకసహజమైనప్పుడు వచ్చిన కోపం మోగడంలో మాత్రం వింత ఏమున్నదని ఊరు ఊరుకున్నది.

తీగవాళ్ళకు మాత్రం అది వరమైంది. వాళ్ళది ఒక వెర్రి. ధవళేశ్వరం లాకు గట్టు మీద వీరాస్వామి అనే సన్నాయి విద్వాంసుడు రోజుకొక కొమ్ము తీసి, రోజుకొక స్వరం ఊదేవాడు. నీటి మీదుగా ఆ స్వరం లంకలకు చేరగానే తీగవాళ్ళు తమ పలక మీది ఒంటితీగను మీటుతూ, దాని కింది చెక్కమెట్టును అటూ ఇటూ జరుపుతూ, విన్న స్వరమూ మీటిన స్వరమూ ఒకటయ్యేచోట ఆపేవారు. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే వాటి మధ్య అల వంటి ఊగు పుడుతుంది. కలిస్తే అల పడిపోతుంది. అల పడిపోయినచోట తీగ పొడవుకు సరిగా ఒక నూలుదారం కత్తిరించి, పడవ మీద ధవళేశ్వరం పంపేవారు. సాయంకాలానికి అన్ని దారాలనూ ఒకచోట పరచి, ఎవరిది సరిగా ఉన్నదో చూసేవారు. పందెం లేదు, బహుమానం లేదు. గెలిచినవాడికి ఆ పూట మీసం మెలివేసే హక్కు మాత్రం ఉండేది.

పూర్వం ఎవరి తీగ సరియైనదో తేలక వాళ్ళలో వాళ్ళు కొట్టుకొనేవారు. ఎండకు తీగ సడలేది, చలికి బిగిసేది. అప్పాయమ్మ కోపం ఎండకూ చలికీ మారేది కాదు. అందుచేత లంకలన్నింటికీ అదే ప్రమాణమైపోయింది. ఆ నాదం ఆమెకు ఎక్కడ నుంచి వచ్చిందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

"అమ్మా అప్పాయమ్మా, ఇవాళ వెంట్రుకవాసి హెచ్చినట్లున్నది. ఒంట్లో నలతగా ఉన్నదా?" అని ఆ ఉదయం చంద్రరావు అడిగాడు. ఆయన లంకలో అరటితోటలున్న ఆసామి. తీగవాళ్ళలో తానే మేటినని ఆయన నమ్మకం.

"నా మొగుణ్ణి తొక్కించినవాడు నిక్షేపంగా ఉన్నాడు కదండీ, నాకేం నలత? మీ తీగే సడలి ఉంటుంది, చూసుకోండి."

చూసుకున్నాడు. తీగ చుట్టిన మేకు జారి ఉన్నది.

పక్కింటి రత్తమ్మ వల విదిలిస్తూ నవ్వింది. "ఏమండీ చంద్రరావు గారూ, దాని కోపాన్ని కూడా కౌలుకు తీసుకున్నారేంటండీ? పొలం చూసుకున్నట్టు రోజూ వచ్చి చూసిపోతున్నారు!"

కంచె అవతల మరొకడు నిలబడి, పలకను గుండెకు ఆనించుకొని, మెల్లగా మేకు తిప్పుతున్నాడు. అతడు పల్లంరాజు, లోవరాజుకు స్వయానా అన్న. ఏడాదిగా అతడు ఆ గడప తొక్కలేదు.

"బావగారూ, అక్కడే నిలబడ్డారేంటండీ?" అన్నది అప్పాయమ్మ. బిందె నాదం గోడలు దాటి వినబడింది. "లోపలికి రండి. తమ్ముణ్ణి మింగిన కూతను మిల్లు కూత అన్నారే, ఆ నోటితోనే ఈ బిందెలో నీళ్ళు తాగి వెళ్ళండి."

"అన్నది నేను కాదమ్మాయ్, దారం."

"దారానికి నోరుందా?"

"ముగ్గురం మూడు రేవుల్లో కూర్చుని కొలిచాం. ముగ్గురి దారాలూ ఒక్కటే పొడవు వచ్చాయి. నేనేం చెయ్యను?"

"ముగ్గురు కలిసి ఒకే తప్పు చేస్తే ఒప్పవుతుందా బావగారూ? నేను ఒడ్డున ఉన్నాను. ముందు దెబ్బ విన్నాను. తరువాత కూత విన్నాను. కూత ఏట్లో నుంచి వచ్చింది. మిల్లు నా వీపు వెనక ఉంది. నా చెవులు నమ్మరు, నా కోపంతో మాత్రం తీగలు సరిచేసుకుంటారు. సిగ్గుండాలి!"

పల్లంరాజు తల దించుకొని, తీగ సరిగా కుదిరిందో లేదో ఒకసారి మీటి చూసుకొని మరీ వెళ్ళిపోయాడు.

జరిగినది ఇది. ఆ మంచు ఉదయాన తీగవాళ్ళు తమ తమ రేవులలో కొమ్ము కోసం చెవులు రిక్కించుకొని కూర్చున్నారు. కొమ్ముకు బదులుగా ఎక్కడో ఒక ఆవిరి కూత వినబడింది. వెర్రివాళ్ళు కనుక దానినీ కొలిచారు. దారాలను ఒకచోట చేర్చి చూస్తే, వేసవిలో కొలిచి దాచుకున్న నూనె మిల్లు కూత దారానికి అవి సరిగా సరిపోయాయి. లోవరాజు పడవను దొరబాబు కొత్తగా తెచ్చిన ఆవిరిపడవ తొక్కిందని అప్పాయమ్మ మొత్తుకున్నది. ఏట్లో ఏ ఆవిరిపడవా కూయలేదని, కూసినది మిల్లేనని తీగవాళ్ళు చెప్పారు. ధాన్యపు వర్తకుడైన దొరబాబు తన పడవను మరునాడే మరమ్మతు పేరుతో కాకినాడ పంపివేశాడు. ఆ పడవ కూతను అంతవరకు ఎవరూ కొలిచి ఉండలేదు.

నీట పోయినవాడి పడవను ఆ పల్లెలో ఏడాదిపాటు ఒడ్డున బోర్లించి ఉంచుతారు. ఏడాది తిరిగిన తరువాత కులపెద్ద రేవులో కూర్చొని విచారిస్తాడు. వేరొకరి వలన పోయాడని తేలితే పడవకు పసుపు రాసి నీటిలోకి దింపుతారు. తన ఏమరుపాటు వలననే పోయాడని తేలితే పడవను గొడ్డళ్ళతో చీల్చి పొయ్యిలో పెడతారు. ఆ ఇంటివారు మరెన్నడూ గోదావరిలో వల వేయరాదు. లోవరాజు పడవలో నిద్రపోయి మునిగాడని సగం ఊరు అప్పటికే అనుకొంటున్నది. ఎన్నడూ పడవలో కన్ను మూయనివాడు నిద్రపోయాడన్న మాట విన్నప్పుడల్లా అప్పాయమ్మ ఇంటి చూరుకు గుచ్చిన గాలాలు కూడా మోగేవి.

విచారణనాడు మళ్ళీ మంచే. పొద్దెక్కేకొద్దీ అది విడిపోయి, బోర్లించిన పడవ, దాని పక్కన సిద్ధంగా ఉంచిన గొడ్డళ్ళు కనబడ్డాయి. ఆ గొడ్డళ్ళు అప్పాయమ్మ రాగానే సన్నగా మోగసాగాయి. కులపెద్ద పెదబాబు ఇసుక మీద చాప వేయించుకొని కూర్చున్నాడు. తీగవాళ్ళు సాక్షులు కనుక తమ పలకలతోనే వచ్చారు.

దొరబాబు ఆవిరిపడవలోనే వచ్చాడు. దానికి కొత్త రంగు వేయించాడు. ఒడ్డుకు దిగకుండా, ముందుభాగంలోని ఇత్తడి కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు.

"పెదబాబూ, నాకు అవతల పనులున్నాయి. ఆడమనిషి ఏడుపు విని నన్ను రేవుకు రప్పించావు. మీవాడు కల్లు తాగి నిద్రపోతే నా పడవకేం సంబంధం?"

"ఆయన తాగడు," అన్నది అప్పాయమ్మ. "తాగినవాడు ఎవడో ఆ పూట మీ చుక్కాని పట్టుకున్నవాణ్ణి అడగండి."

"నోరు అదుపులో పెట్టుకో!"

"ఏడాదిగా పెట్టుకున్నానండీ. నోరు ఊరుకుంటే బిందె మోగింది. ఇప్పుడు రెండూ ఊరుకోవు."

పెదబాబు చేయి ఎత్తాడు. "ఆగమ్మా. దొరబాబు గారూ, తమరు పెద్దలు. ఆమె మాట ఒకటుంది, దారం మాట ఒకటుంది. తమ పడవ కూత ఎలాగుంటుందో మేము వినలేదు. ఒక్కసారి వినిపిస్తే ఈ తగువు తీరిపోతుందండి."

దొరబాబు నవ్వాడు. తన పడవ కూతకూ మిల్లు కూతకూ పోలిక లేదని అతడికి బాగా తెలుసు. ఆ నాడు వినబడినది మిల్లు కూత అని దారాలు చెబుతున్నాయి. ఇంతకంటె భద్రమైన సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు.

"వినండి. మీ దారాలతోనే కొలుచుకోండి. ఆ తరువాత ఆ చెక్కలు చీల్చి పొయ్యిలో పెట్టుకోండి. సరంగూ, కొట్టు!"

పడవ నడిపే సరంగు తాడు లాగాడు.

కూత లేచింది. చంద్రరావు కొలవడానికి పలకను ఒడిలోకి లాక్కున్నాడు. తీగ మీద వేలు పెట్టబోయి ఆగిపోయాడు. తీగ తనంతట తానే మోగుతున్నది. పక్కవాని పలకా మోగుతున్నది. పల్లంరాజు పలకా మోగుతున్నది. అప్పాయమ్మ కోపానికి బిగించిన తీగలన్నీ, ఎవరూ మీటకుండానే, ఆవిరిపడవ కూతకు బదులు పలుకుతున్నాయి. ఆవలి ఒడ్డున ఎవరో అరుగు మీద వదిలివచ్చిన పలక కూడా నీటి మీదుగా వినబడింది. గొడ్డళ్ళ నాదానికీ కూతకూ మధ్య అల ఉన్నదేమోనని తీగవాళ్ళు ఊపిరి బిగపట్టి విన్నారు. అల లేదు. రెండూ ఒక్కటే.

దొరబాబు చేతి కింది ఇత్తడి కడ్డీ మోగింది. కాలినట్లు చేయి తీసివేశాడు.

"చాలు, చాలు! ఆపరా!" అని అరిచాడు. సరంగు తాడు వదిలినా, ఒడ్డు మీది నాదం ఆగలేదు.

"విన్నారా?" అన్నది అప్పాయమ్మ. ఆమె దొరబాబు వైపు చూడడం లేదు. పల్లంరాజు వైపు చూస్తున్నది. "మీ చేతిలో ఉన్నది ఏడాదిగా ఇదే చెబుతోంది బావగారూ. రోజూ నా గుమ్మం దగ్గరకు వచ్చి, విని, మేకు తిప్పుకొని పోయారు."

పల్లంరాజు తలపాగా కొసకు కట్టుకున్న రెండు దారాలు విప్పాడు: ఒకటి మంచునాటిది, ఒకటి మిల్లుది. పక్కపక్కన పెడితే సమానంగానే ఉన్నాయి. అతడు ఏటి అంచున మోకాళ్ళ మీద కూర్చొని, మంచునాటి దారాన్ని నీటిలో ముంచి తీసి, మళ్ళీ పక్కన పెట్టాడు. అది ముడుచుకొని పొట్టిదైంది.

"ఆ నాడు దారం మంచుకు తడిసి ముడుచుకొని ఉంది," అన్నాడు. "ఈ పడవ కూత పొడవుకు అలాగే కోశాం. ఆరాక సాగి మిల్లు కొలతకు వచ్చింది. తడిసిన వల బిగుసుకుంటుందని పుట్టిన నాటి నుంచి చూస్తున్నవాణ్ణి. ముగ్గురివీ కలిశాయన్న సంబరంలో అది తోచలేదు. పెద్ద ఆసామి దారంతో నా దారం కలిసిందని ఆ సాయంకాలం మీసం మెలివేశాను. తమ్ముడి శవం ఇంకా దొరకలేదు అప్పటికి."

చంద్రరావు తన పలకను బోర్లించి పెట్టుకున్నాడు.

పెదబాబు లేచి, గొడ్డళ్ళను తన చేతులతోనే తీసి ఏట్లోకి విసిరాడు. "లోవరాజును తొక్కారు. వాడి పడవ తిప్పండి," అన్నాడు. రత్తమ్మ పసుపు కలిపి తెచ్చింది. ఆవిరిపడవ వెనక్కి తిరుగుతుంటే దానిని చూడడానికి కూడా ఎవరూ తల ఎత్తలేదు. అది మొదలు ఆ లంకలలోని ఏ రేవుకు వచ్చినా దొరబాబు పడవ విసిరిన తాడు పట్టుకొని గుంజకు కట్టే మనిషి దొరకలేదు. ధాన్యం మోసేవాడు దొరకలేదు. కొంతకాలానికి అతడు దానిని అమ్ముకున్నాడు. కొన్నవాడు మొట్టమొదట దాని కూతను మార్పించాడు.

మరునాటి ఉదయం తీగవాళ్ళు బెదురుతూనే అప్పాయమ్మ ఇంటికి వచ్చారు. బిందె మూగపోయి ఉంటుందని, ఇక తమకు ప్రమాణం లేదని రాత్రంతా దిగులుపడ్డారు. బిందె మోగుతూనే ఉన్నది. అయితే స్వరం మారింది. మునుపటి కంటె దిగింది, బరువెక్కింది.

చంద్రరావు అరుగు దిగువనే నిలబడి చేతులు జోడించాడు. "అమ్మా, నిన్నటితో తీరిపోయిందనుకున్నాం. ఇది ఎవరి మీద తల్లీ?"

"మీ మీద కాదులెండి. మీరు పరాయివాళ్ళు. పరాయివాళ్ళ మీద ఇంత లోతైన కోపం రాదు." ఆమె కంచె వైపు చూసింది. "ఎవరి మీదో వారికి తెలుసు. మీకు తీగలు కదా కావలసింది, సరిచేసుకోండి."

ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఉన్న తీగలన్నింటినీ ఆ వారంలో సడలించుకోవలసి వచ్చింది.

అప్పాయమ్మ మంచులోనే పడవ ఎక్కింది. భర్త వేసినచోటనే వల వేసింది. బిందెను పడవ ముందుభాగంలో పెట్టుకొనేది. దాని నాదం మంచులో దూరదూరాలకు పాకేది. అది వినబడగానే ఎంత పెద్ద పడవైనా వేగం తగ్గించి, పక్కకు తొలగేది.

పల్లంరాజుకు ఆ చలికాలంలోనే చూపు మందగించసాగింది. తీగలు, దారాలు మానివేశాడు కాని వల మానలేకపోయాడు. మంచు పట్టిన ఉదయాలలో ఏ దిక్కున ఒడ్డు ఉన్నదో అతడికి తెలిసేది కాదు. అప్పుడు తెడ్డు పైకెత్తి, చెవి ఒగ్గి వినేవాడు. తన మీది కోపం ఎక్కడో ముందు మోగుతూ ఉండేది. దాని వెంట, మాట అందనంత దూరంలో, మెల్లగా తెడ్డు వేసుకొంటూ వచ్చేవాడు. ఒడ్డున దిగిన తరువాత ఆమె వెనుదిరిగి చూసేది కాదు. అతడు పిలిచేవాడు కాడు.

"ఇంకా ఎన్నాళ్ళే?" అని రత్తమ్మ ఒకనాడు అడిగింది. "ముసలాడు కుమిలిపోతున్నాడు. ఒక్క మాట, పోనీలెండి బావగారూ అనరాదా?"

అప్పాయమ్మ వల దులుపుతూ, మంచులో తడుముకుంటూ వస్తున్న చిన్న పడవను చూసింది.

"అంటే బిందె ఆగిపోతుంది," అన్నది.

ఆమె అతడిని క్షమించలేదు. అందుచేతనే అతడు ప్రతి ఉదయమూ ఒడ్డు చేరుతున్నాడు.